టెక్సోమా సరస్సు మీద చలికాలపు గాలపు వేట

చేపల వేట అనగానే మన ప్రాంతాలవారికి తొలకరి వానలు, ఎర్రనీరు, గోదావరికి ఎదురీదే పులస గుర్తుకు వస్తవి. చేతివేళ్ళు కొంకర్లుపోయే చలిలో, ఇంకా తెల్లవారకముందే పడవ ఎక్కి గాలం వేయడం మనకు వింతగా తోస్తుంది. కాని అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలోని పెద్ద జలాశయాల మీద డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఇటువంటి వేట విరివిగా సాగుతుంది. అటువంటి జలాశయాలలో ఒకటి టెక్సాస్, ఓక్లహోమా రాష్ట్రాల సరిహద్దున ఉన్న టెక్సోమా సరస్సు. ఆ రెండు రాష్ట్రాల పేర్లను కలిపే దానికి ఆ పేరు పెట్టారు. డాలస్ నగరం నుంచి ఉత్తరంగా కారులో సుమారు గంటన్నర ప్రయాణం. డాలస్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడి ఉన్నవి. మన శ్రోతలలో అనేకుల కొడుకులూ, కూతుళ్ళూ, అల్లుళ్ళూ అక్కడివారే. కనుక ఈ సరస్సు మనకు భూగోళ పటంలోని ఒక నీలిమచ్చ మాత్రమే కాదు.

ఆ వేట ఎట్లా సాగుతుందో, అందులో చలి ఏ పాత్ర వహిస్తుందో ఇక్కడ వివరిస్తాము. చలి నాలుగు చోట్ల పనిచేస్తుంది: నీటిమీద, ఎరమీద, చేపమీద, మనిషిమీద. మొదటి మూడింటిని తెలుసుకొన్నవారికి చేప దొరుకుతుంది. నాలుగవదానిని తెలుసుకొన్నవారు క్షేమంగా ఇల్లు చేరుతారు.

ముందు చేపను పరిచయం చేసుకొందాం. దాని పేరు స్ట్రైప్డ్ బాస్. మనం చారల బాస్ అనవచ్చు. వెండివలె మెరిసే ఒంటిమీద మొప్పల నుంచి తోకవరకు ఏడెనిమిది నల్లని చారలు బద్ద పెట్టి గీచినట్టు ఉంటవి. అది అసలు సముద్రపు చేప. ఉత్తర అమెరికా తూర్పు తీరాన, కెనడాలోని సెయింట్ లారెన్స్ నది మొదలుకొని ఫ్లారిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు దాని స్వస్థానం. ఉప్పునీటిలో పెరిగి, వసంతకాలంలో గుడ్లు పెట్టడానికి మంచినీటి నదులలోకి ఎదురీదుతుంది. ఈ విషయంలో అది మన పులసకు సాటి. కాలం మాత్రమే వేరు: పులస వరదలతో వస్తుంది, ఇది వసంతపు గోరువెచ్చదనంతో వస్తుంది.

ఆ దేశపు చరిత్రలో ఈ చేపకు గౌరవమైన స్థానమే ఉన్నది. 1639లోనే మసాచుసెట్స్ బే వలసరాజ్యం ఈ చేపను గాని, కాడ్ చేపను గాని పొలాలకు ఎరువుగా వేయరాదని శాసించింది. తిండికి పనికివచ్చే చేపను మట్టిలో కలపరాదన్న వివేకం అప్పటికే కలిగిందన్నమాట. 1879లో సుమారు 130 చిన్న చేపలను న్యూజెర్సీ నుంచి రైలుమీద ఖండం దాటించి కాలిఫోర్నియా నీటిలో వదిలారు. పదేళ్ళు గడిచేసరికి అవి వృద్ధిపొంది, శాన్ ఫ్రాన్సిస్కో బజారులో అమ్మకానికి వచ్చినవి.

మరి సముద్రపు చేప, సముద్రానికి వందల మైళ్ళ దూరాన ఉన్న సరస్సులోకి ఎట్లా వచ్చింది? ఈ కథకు మూలం దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఉన్నది. అక్కడ శాంటీ నదిమీద ఆనకట్ట కట్టి, 1941-42 ప్రాంతంలో మేరియన్, మౌల్ట్రీ అనే రెండు జలాశయాలను నింపారు. ఆనకట్టలకు ఎగువన చిక్కిన చారల బాస్ చేపలు సముద్రాన్ని చూడకుండానే బ్రతికి, పెరిగి, పిల్లలను కన్నవి. ఉప్పునీరు లేకుండానే దాని జీవితచక్రం పూర్తి కాగలదని అప్పుడు తెలిసింది. 1960 ప్రాంతం నుంచి అక్కడి శాస్త్రజ్ఞులు హార్మోనుల సాయంతో చేప పిల్లలను కృత్రిమంగా పుట్టించే పద్ధతిని సాధించారు. పిమ్మట ఆ పిల్లలు ఎన్నో రాష్ట్రాల జలాశయాలకు చేరినవి.

అయితే వదిలిన ప్రతి జలాశయంలోను ఆ చేప వంశం నిలవదు. దాని గుడ్డుకు ఒక నియమం ఉన్నది. నీటిలో పడిన గుడ్డు అడుగుకు చేరి బురదలో కూరుకొంటే చచ్చిపోతుంది. సుమారు రెండు దినాలు, పిల్ల బయటికి వచ్చేదాకా, ప్రవాహంలో తేలుతూ దొర్లుతూ పోవలె. అందుకు పైన పొడుగాటి పారే నది ఉండవలె. ఇటువంటి నది లేని జలాశయాలలో ప్రభుత్వం తరచుగా పిల్లలను తెచ్చి వదలవలసిందే. టెక్సోమాకు ఆ భాగ్యం ఉన్నది. రెడ్ నదిమీద డెనిసన్ వద్ద కట్టిన మట్టి ఆనకట్ట 1944లో పూర్తి అయింది. రెడ్, వాషిటా అనే రెండు నదుల నీరు ఆ సరస్సులో చేరుతుంది. ఎగువన ఉప్పు ఊటలు ఉండడంచేత రెడ్ నది నీటిలో కొంచెం ఉప్పదనం కూడా ఉన్నది. ఓక్లహోమా ప్రభుత్వం 1965 నుంచి 1974 వరకు అందులో చారల బాస్ పిల్లలను వదిలింది. తరువాత ఆ అవసరం లేకపోయింది. చేపలే ఏటేటా వసంతంలో నదులలోకి ఎక్కి గుడ్లు పెట్టి తమ వంశాన్ని నిలుపుకొంటున్నవి.

ఇక చలి నీటిమీద చేసే పని చూద్దాం. వేసవిలో ఇటువంటి లోతైన సరస్సు పొరలు పొరలుగా విడిపోతుంది. పైనీరు వేడెక్కి తేలికై పైననే నిలుస్తుంది. అడుగునీరు చల్లగా, బరువుగా అడుగుననే ఉంటుంది. రెండూ కలియవు కనుక అడుగునీటికి గాలి సోకదు, అక్కడి ప్రాణవాయువు క్రమంగా తరిగిపోతుంది. చారల బాస్, అందులోను పెద్ద చేప, వేడినీటికి ఓర్వలేదు. పైకి పోతే వేడి, క్రిందికి పోతే ఊపిరాడదు. రెండింటి నడుమ ఒక పలుచని పొరలో ఇరుకున పడి కాలం గడుపుతుంది. శరత్కాలం గడిచి చలి ముదిరేసరికి పైనీరు చల్లబడి, బరువెక్కి, క్రిందికి దిగుతుంది. ఉత్తరపు గాలులు నీటిని కలియబెడతవి. సరస్సు పైనుంచి అడుగుదాకా ఏకమవుతుంది. అంతేకాదు, చల్లని నీరు ప్రాణవాయువును ఎక్కువగా ఇముడ్చుకొంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 10 డిగ్రీల వద్ద సుమారు 11 మిల్లీగ్రాములు ఇముడుతుంది. అనగా చలికాలం మనకు కష్టకాలమైనా, ఈ చేపకు ఇల్లు విశాలమయ్యే కాలం. సరస్సులో ఏ మూలనైనా అది ఉండవచ్చు. వేటగానికి ఉన్న మొదటి చిక్కు కూడా ఇదే.

రెండవది ఎర. చారల బాస్‌కు సహజమైన ఆహారం షాడ్ అనే చిన్న చేపలు. ఇవి కూడా మన పులసకు దూరపు చుట్టాలే. టెక్సోమాలో గిజర్డ్ షాడ్, త్రెడ్‌ఫిన్ షాడ్ అని రెండు రకాలు ఉన్నవి. మొదటిది పెద్దది, చలికి ఓర్చుకొనేది. రెండవది సుకుమారమైనది. నీరు 5 డిగ్రీల దరిదాపులకు పడితే సొమ్మసిల్లి, గుంపులు గుంపులుగా చచ్చిపోతుంది. వేటగాళ్ళు తెల్లవారుజామున విసురువలతో షాడ్ చేపలను పట్టి, పడవలోని తొట్టిలో ప్రాణంతో నిలుపుకొంటారు. ఇందులో ఒక విద్య ఉన్నది. తొట్టి గుండ్రంగా ఉండవలె. మూలలు ఉన్న తొట్టిలో షాడ్ చేపలు మూలకు చేరి, ముక్కులు గుద్దుకొని గాయపడి చస్తవి. గుండ్రని తొట్టిలో నీటిని మెల్లగా తిప్పుతూ ఉంటే అవి బారులు తీరి తిరుగుతూ ఉంటవి. నీటిలోకి ఎడతెగక గాలి బుడగలు పంపవలె. కొద్దిగా ఉప్పు కలిపితే అవి తట్టుకొంటవి. కుళాయినీటిని నేరుగా పోయరాదు. అందులోని క్లోరిన్ వాటిని చంపుతుంది. తొట్టినీటికీ సరస్సునీటికీ వేడిమిలో పెద్ద తేడా ఉండరాదు. ఎక్కువ చేపలను కుక్కడం కన్నా తక్కువ చేపలను చురుకుగా ఉంచుకోవడం మేలు.

ఎర విషయంలో మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ఒక నీటిలో పట్టిన ఎరను మరొక నీటికి తీసుకొని పోరాదు. సిల్వర్ కార్ప్ అనే పరాయి చేపపిల్ల చూపులకు షాడ్ లాగే ఉంటుంది. పొరపాటున దానిని కొత్త చెరువులో వదిలితే అక్కడి చేపల తిండి అంతా అదే తినివేస్తుంది. జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్లపురుగు 2009లో టెక్సోమాలో కనబడింది. పడవ అడుగున మిగిలిన నీటితో పాటు దాని సూక్ష్మమైన పిల్లలు మరో సరస్సుకు చేరగలవు. అందుచేత పడవను, తొట్టిని ఒడ్డునే ఖాళీచేసి పోవాలని టెక్సాస్ రాష్ట్రమంతటా 2014 నుంచి నియమం అమలులో ఉన్నది.

మూడవది చేప. చేప ఒంటివేడి చుట్టూ ఉన్న నీటినిబట్టి మారుతుంది. నీరు 10 డిగ్రీలు చల్లబడితే దాని దేహవ్యాపారం సుమారు సగానికి మందగిస్తుంది. అరుగుదల మెల్లగా సాగుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. టెక్సోమాలో జనవరి, ఫిబ్రవరి మాసాలలో నీటి వేడిమి 10 డిగ్రీలకు దిగువకు జారుతుంది. అయినా చారల బాస్ మగతలో పడిపోదు, గుంపులుగా తిరుగుతూనే ఉంటుంది. అయితే లెక్క చూసుకొని వేటాడుతుంది. దూరాన వేగంగా పరుగెత్తే దానిని తరిమితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. దగ్గరగా, నెమ్మదిగా కదలుతున్న చిన్న చేప కనబడితే మాత్రం నోరు తెరుస్తుంది. తగరపు బొమ్మచేపను విసిరి వేగంగా లాగే వేసవి పద్ధతి కన్నా, బ్రతికున్న ఎర చలికాలంలో బాగా పనిచేయడానికి కారణం ఇదే. చలికి తానే మందగించిన షాడ్, గాలానికి వ్రేలాడుతూ అప్పుడప్పుడు ఒక చిన్న గిలగిల చూపుతుంది. ఆ పాటి కదలిక చాలు.

గుంపు ఎక్కడ ఉన్నదో కనుక్కోవడానికి రెండు సాధనాలు ఉన్నవి. ఒకటి కొత్తది, రెండవది పాతది. కొత్తది సోనార్ యంత్రం. పడవ అడుగునుంచి శబ్దతరంగాన్ని క్రిందికి పంపి, దాని ప్రతిధ్వనిని తిరిగి వింటుంది. 15 మీటర్ల లోతున ఉన్న చేపను తాకి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో సుమారు 50వ వంతు కాలం పడుతుంది. ఆ కాలాన్నిబట్టి లోతును లెక్కకట్టి తెరమీద గీస్తుంది. పాత సాధనం పక్షులు. చలికాలంలో నీటికాకులు, సముద్రపు కాకులు ఉత్తరాదినుంచి ఆ సరస్సుకు చేరుతవి. క్రిందినుంచి చారల బాస్ గుంపు తరమగా షాడ్ చేపలు పైకి ఎగసినప్పుడు, పక్షులు పైనుంచి విరుచుకొనిపడతవి. ఒకేచోట సుడి తిరుగుతున్న పక్షులను చూసి వేటగాడు ఇంజను వేగం తగ్గించి, చప్పుడు లేకుండా దగ్గరకు చేరుతాడు. గుంపు మధ్యకు పడవను ఉరికిస్తే పక్షులూ పోతవి, చేపలూ పోతవి.

ఇప్పుడు గాలం. దారం చివర సీసపు గుండు, దాని క్రింద మెలితిరగకుండా ఆపే చిన్న ఇరుసు, దాని క్రింద మూడు నాలుగు అడుగుల సన్నని దారం, చివర గాలపు ముల్లు. పడవ ఒకేచోట నిలిచి ఉంటే షాడ్ చేపకు వెన్నురెక్క ముందు ముల్లును గుచ్చుతారు. పడవ మెల్లగా కదలుతూ ఉంటే ముక్కురంధ్రాల గుండా గుచ్చుతారు. అప్పుడు అది తిన్నగా ఈదుతుంది. చేపలు ఎంత లోతున ఉన్నవో సోనార్ చూపితే, ఎరను ఆ లోతుకు ఒక అడుగు రెండడుగులు పైనే నిలుపుతారు. చారల బాస్ పైకి చూసి తినే చేప కావడంచేత తనకు క్రింద ఉన్న ఎరను తరచు గమనించదు.

ముల్లు ఆకారం గురించి ఒక మాట చెప్పవలె. మామూలు గాలపు ముల్లు మొన తిన్నగా పైకి ఉంటుంది. బ్రతికున్న ఎరకు వాడే గుండ్రని ముల్లులో మొన లోపలికి, కాడ వైపుకు తిరిగి ఉంటుంది. చేప ఎరను మింగి పక్కకు తిరిగినప్పుడు ఆ ముల్లు గొంతులో దిగకుండా జారివచ్చి పెదవి మూలను పట్టుకొంటుంది. దీనికి వేటగాడు చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండడమే. బెండు మునగగానే కర్రను ఎగదన్నడం మనకు చిన్ననాటి అలవాటు. ఇక్కడ అట్లా ఎగదన్నితే ముల్లు నోటినుంచి ఊడివస్తుంది. కర్ర దానంతట అదే వంగి, బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు మెల్లగా రీలు తిప్పవలె. చలిలో చేప ఎరను అందుకొనే తీరు కూడా మెత్తగా ఉంటుంది. కర్ర కొన రెండుసార్లు వణికి ఊరుకొంటుంది. తొందరపడనివాడికే అది దక్కుతుంది.

పట్టిన చేపలన్నిటినీ ఇంటికి తెచ్చుకొనే వీలు లేదు. దినానికి ఎన్ని, ఎంత పొడుగువి అనే హద్దులు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వేటకు లైసెన్సు తప్పనిసరి. రెండు రాష్ట్రాల నీటిలోను చెల్లే ప్రత్యేకమైన టెక్సోమా లైసెన్సు కూడా ఉన్నది. ఈ నియమాలు మారుతూ ఉంటవి కనుక వెళ్ళేముందు చూసుకోవలె. హద్దుకు మించి పట్టిన చేపను తిరిగి నీటిలో వదలడానికి చలికాలం అనుకూలమైనది. వేసవిలో లోతునుంచి వేడినీటిలోకి లాగిన చేప అలసటతో, ప్రాణవాయువు చాలక, వదిలినా చాలాసార్లు చనిపోతుంది. చల్లనినీటిలో అది త్వరగా కోలుకొంటుంది. చేతులు తడిచేసుకొని, నీటికి దగ్గరగా పట్టుకొని, ఆలస్యం చేయకుండా వదలవలె.

చివరగా మనిషి విషయం. మేము ఈ విషయాన్ని ఎత్తుకొనడానికి ముఖ్యమైన కారణం ఇదే. మన గోదావరి, కృష్ణా కాలువలలోను, ఊరి బావులలోను ఈత నేర్చినవారికి నీరంటే భయం ఉండదు. కాని ఆ కాలువల నీరు సంక్రాంతినాడు కూడా టెక్సోమా నీటి చలికి దరిదాపులకు రాదు. 10 డిగ్రీల నీటిలో హఠాత్తుగా పడితే ఎంతటి ఈతగానికైనా తన ప్రమేయం లేకుండానే గుక్క ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే ఊపిరితిత్తులలోకి నీరు పోతుంది. ఇది భయం వల్ల కలిగేది కాదు, చర్మానికి సోకిన చలికి దేహం ఇచ్చే జవాబు. ధైర్యవంతులకూ తప్పదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని గుర్తుంచుకొనడానికి ఒకటి–పది–ఒకటి అనే సూత్రం చెప్పాడు. మొదటి ఒక్క నిమిషంలో ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవలె, ఈదబోరాదు, తలను పైకి ఉంచుకోవలె. తరువాతి పది నిమిషాలు చేతులూ కాళ్ళూ మాట వింటవి. పడవ ఎక్కడానికి గాని, తాడు పట్టుకొనడానికి గాని ఉన్న వ్యవధి అంతే. ఆపైన వేళ్ళు బిగుసుకొనిపోతవి. ఒంటివేడి తగ్గి స్పృహ తప్పడానికి మాత్రం సుమారు ఒక గంట పడుతుంది. ఈ లెక్కలో గమనించవలసినది ఒకటున్నది. చలికి గడ్డకట్టి చనిపోవడానికి చాలా ముందే మనిషి మునిగిపోతాడు. తేలే కోటు తొడుక్కొని ఉంటే ఆ గంట అతనికి దక్కుతుంది. లేకపోతే మొదటి నిమిషమే చివరిది కావచ్చు. కోటు పడవలో ఉంటే చాలదు, ఒంటిమీద ఉండవలె. నీటిలో పడ్డాక దానిని తొడుక్కోవడం దాదాపు అసాధ్యం.

ఒంటరిగా పడవ నడిపేవాడు జారిపడితే పడవ అతనిని వదిలి పోతుంది. అందుకే నడిపేవాని ఒంటికి ఇంజనుకు కలిపి ఒక తాడు కడతారు. మనిషి దూరమైతే ఇంజను ఆగుతుంది. 26 అడుగులకు తక్కువైన మోటారు పడవలలో చాలావాటికి దీనిని వాడడం 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ దేశపు కేంద్ర చట్టం తప్పనిసరి చేసింది. దుస్తులలో నూలు పనికిరాదు. తడిసిన నూలు చలిని ఆపలేదు. ఉన్ని గాని, త్వరగా ఆరే బట్ట గాని పొరలుగా వేసుకొని పైన గాలి చొరని కోటు తొడుక్కోవలె. చలికి మద్యం మందు అన్నది ఒట్టి భ్రమ. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పుచేసి ఒంటివేడిని బయటికి పోగొడుతుంది. నీటినుంచి బయటికి తీసినవారికి తడిబట్టలు విప్పి, పొడి దుప్పట్లు కప్పి, ఒంటి నడిమి భాగాన్ని వెచ్చచేయవలె. చేతులూ కాళ్ళూ రుద్దరాదు.

టెక్సాస్ చలికాలంలో మరొక విశేషం ఉన్నది. ఉదయం ఎండ కాచి, మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి ఒక్కసారిగా విరుచుకొనిపడి, కొద్ది గంటలలోనే చలి ఎన్నో డిగ్రీలు ముదరవచ్చు. అక్కడివారు దానిని నార్దర్ అంటారు. 300 చదరపు కిలోమీటర్లకు పైబడిన సరస్సు మీద అటువంటి గాలికి లేచే అలలు చిన్న పడవను తిరగవేయగలవు. కనుక బయలుదేరేముందు వాతావరణ సూచనను వినవలె. గాలి తిరిగినట్టు తోస్తే, చేపలు ఎంత బాగా పడుతున్నా గాలాలు చుట్టుకొని ఒడ్డుకు రావలె.

అక్కడ ఉన్న మీ వారు టెలిఫోనులో ఈ ఆదివారం చేపలవేటకు పోతున్నామని చెబితే, వారిని మానుకొమ్మని చెప్పనవసరం లేదు. పడవలో ఎంతమంది ఉన్నారు, తేలే కోట్లు అందరి ఒంటిమీద ఉంటవా, ఏ రేవునుంచి బయలుదేరుతారు, తిరిగి ఎన్ని గంటలకు ఒడ్డు చేరుతారు అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ నాలుగు సంగతులూ ఒడ్డున ఉన్న మరొకరికి కూడా చెప్పి వెళ్ళమనండి. చెప్పిన వేళ దాటితే వెతకడానికి ఎక్కడికి పోవలెనో ఆ ఒక్కరికి తెలిసి ఉంటుంది.